డీజిల్ స్విఫ్ట్ అలవాటైన కాలికి పెట్రోలు కారు ఎందుకు నచ్చడం లేదు?

ప్రశ్న: మేం బెంగళూరు హూడిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఆరేళ్ళ పాప. 2014 డీజిల్ స్విఫ్ట్ ఉంది, ఇక అమ్మేద్దాం అనుకుంటున్నాం. వారంలో మూడు రోజులు బెళ్ళందూరు ఆఫీసు, నెలకు రెండుసార్లు చింతామణి మీదుగా మదనపల్లె, అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. అన్నీ కలిపి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతుంది. ఈమధ్య బలేనో, ఐ20 పెట్రోలు మాన్యువల్ బళ్ళు నడిపి చూశాను. కాగితం మీద నా పాత బండికంటే పవర్ ఎక్కువే గానీ నడిపితే దమ్ము లేదనిపించింది. మామగారు డీజిలే కొనమంటారు, బావమరిది సీఎన్‌జీ అంటాడు, ఆఫీసులో టర్బో లేకపోతే వేస్ట్ అంటున్నారు. నా భార్యకు ఆటోమేటిక్ కావాలి. ఆన్‌రోడ్ 12 లక్షలు దాటకూడదు. ఏం కొనాలి? పవర్ పెట్రోలు పోస్తే లాగుడు పెరుగుతుందా?

జవాబు: మీకు అనిపించింది కరెక్టే. బలేనో, ఐ20 రెండూ మంచి ఇంజన్లే, అయినా మీ కాలికి అవి నీరసంగా తగలడానికి గట్టి కారణం ఉంది, అది తెలిస్తే ఏ బండి కొనాలన్నది సగం తేలిపోతుంది.

మీ స్విఫ్ట్‌లో ఉన్నది 1,248 సీసీ డీజిల్, ఫియట్ లైసెన్సుతో మారుతి ఇక్కడే తయారుచేసిన ఇంజన్. దాని పవర్ 75 హార్స్‌పవరే. బలేనోది 90, ఐ20 1.2 మాన్యువల్‌ది 83. ఇంతవరకు చూస్తే మీ పాత బండి ఓడిపోవాలి. కానీ టార్క్ (ఇంజన్ తిప్పే బలం) సంగతి చూడండి, మీ డీజిల్‌ది 190 న్యూటన్ మీటర్లు, అదీ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే వచ్చేస్తుంది. బలేనోది 113, ఐ20ది 115, అవి పూర్తిగా అందాలంటే ఇంజన్ 4,400, 4,200 దాకా తిరగాలి. అంటే మీరు రోజూ బండి నడిపే 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్యలో పాత డీజిల్ తన బలమంతా చూపించేస్తుంది, పెట్రోలు ఇంకా సగం నిద్రలోనే ఉంటుంది. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో వేసే హార్స్‌పవర్ అంకె 6,000 ఆర్‌పీఎం దగ్గరి లెక్క, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ రోజూ మీరు అక్కడిదాకా వెళ్ళరు. అందుకే ఇంజన్ ఎంచుకునేటప్పుడు ఎంత పవర్ అని అడగొద్దు, నేను నడిపే ఆర్‌పీఎంలో, నలుగురో ఐదుగురో ఎక్కి ఏసీ వేశాక, ఇది ఎలా లాగుతుంది అని అడగండి. నేను చెప్పబోయే మిగతాదంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

దీనికి మీ అలవాటు కూడా తోడైంది. ఇన్నేళ్ళుగా డీజిల్ నడిపిన చెయ్యి రెండు వేలు దాటగానే దానంతటదే పై గేరు వేసేస్తుంది, డీజిల్‌లో అదే సరైన పద్ధతి కూడా. పెట్రోలు బండిని అలాగే నడిపితే, రెండు వేలకే మూడు, నాలుగు వేసేసి యాక్సిలరేటర్ తొక్కితే, అది కదలదు. పెట్రోలు ఇంజన్‌ని తిరగనివ్వాలి. లారీని దాటేటప్పుడు ముందే ఒక గేరో రెండు గేర్లో తగ్గించి 4,000 పైకి తీసుకెళ్ళాలి. మనవాళ్ళలో చాలామందికి ఇంజన్ అరిస్తే పాడైపోతుందని భయం. ఆయిల్ వేడెక్కాక 4,500, 5,000 దగ్గర కాసేపు తిరిగితే ఈ ఇంజన్లకు ఏమీ కాదు, హద్దు దాటకుండా రెవ్ లిమిటర్ ఎలాగూ ఉంటుంది. నిజంగా హాని చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకమైనది, ఐదో గేరులో 1,200 దగ్గర ఎత్తు ఎక్కుతూ పెడల్ పూర్తిగా తొక్కి పట్టడం. సైకిల్‌కి పెద్ద గేరు వేసి నిలబడి తొక్కుతూ చెరువు కట్ట ఎక్కినట్టు ఉంటుంది ఇంజన్‌కి, నాకింగ్ చప్పుడు వస్తుంది, బేరింగుల మీద భారం పడుతుంది.

ఇంకోటి, బెంగళూరులో కారు కొనేవాళ్ళు ఎవరూ పట్టించుకోని విషయం, ఎత్తు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలి చెన్నైలో గాలికంటే ఎనిమిది తొమ్మిది శాతం పలచన. టర్బో లేని ఇంజన్ దొరికిన గాలినే పీల్చుకోవాలి, కాబట్టి పవర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది, అంటే కాగితం మీది 90 ఇక్కడ 82 అవుతుంది. టర్బో ఉన్న ఇంజన్ గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి దానికి ఈ నష్టం పెద్దగా తెలియదు. మీ పాత డీజిల్‌కి టర్బో ఉంది, మీరు నడిపి చూసిన రెండింటికీ లేదు. కాబట్టి అదే బలేనోని చెన్నైలో నడిపినవాడు బాగా లాగుతోందంటే, మీరు లేదంటే, ఇద్దరిదీ నిజమే. మీరు హార్స్‌లీ హిల్స్ వెళ్తుంటారనుకుంటాను, మదనపల్లెకి దగ్గరే కదా, అది నాలుగు వేల అడుగుల పైన. ఐదుగురితో ఆ ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో లేని 1.2 పెట్రోలుకి రెండో గేరు, ఒక్కోచోట మొదటి గేరు తప్పదు. ఎక్కుతుంది, కంగారేమీ లేదు, కాకపోతే సౌండ్ చేస్తూ ఎక్కుతుంది.

అలాంటప్పుడు ఆఫీసువాళ్ళు చెప్పినట్టు టర్బో పెట్రోలు కొనొచ్చు కదా అంటే, నడపడానికైతే అదే బావుంటుంది, అందులో అనుమానం లేదు. ఐ20 ఎన్ లైన్‌లో ఉన్న 1.0 టర్బో 120 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, ఆ టార్క్ 1,500 నుంచి 4,000 దాకా ఒకేలా ఉంటుంది. చింతామణి దాటాక వచ్చే రెండు వరుసల రోడ్డులో టమాటా లారీ వెనక చిక్కుకుని, ఎదురుగా ఆర్టీసీ బస్సు కనిపిస్తున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. కానీ మీకు ఆటోమేటిక్ కావాలి. అందులో వచ్చే ఏడు గేర్ల డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, మీ 12 లక్షల ఆన్‌రోడ్‌లో పట్టడం కష్టం, పైగా అది డ్రై క్లచ్ డీసీటీ, క్లచ్‌ని చల్లబరచడానికి నూనె ఉండదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గరో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరో అరగంటసేపు అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో అలాంటి క్లచ్ వేడెక్కుతుంది. మీరొక్కరే నడిపేవారైతే, మాన్యువల్ చాలనుకుంటే, ఎన్ లైన్ మాన్యువలే కొనమని గట్టిగా చెప్పేవాణ్ణి.

మామగారి డీజిల్ మాట తీసిపారేసేది కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ పూర్తిగా ఆపేసింది, తర్వాత ఒక్కొక్కరే ఆపుకుంటూ వచ్చారు, ఇప్పుడు హ్యాచ్‌బ్యాక్‌లలో డీజిల్ అంటే టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. 1.5 లీటర్ల ఇంజన్, 200 న్యూటన్ మీటర్లు, 1,250 ఆర్‌పీఎం నుంచే. మీ కాలికి వెంటనే నచ్చేస్తుంది. ఖర్చు లెక్క చూద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు, పెట్రోలు బండి లీటరుకి 15 ఇస్తుందనుకుంటే, లీటరు 103 చొప్పున దాదాపు 6,900 రూపాయలు. డీజిల్ 20 ఇస్తే, లీటరు 91 అనుకుంటే, 4,550. నెలకు 2,300 పైచిలుకు మిగులు. కానీ కొనేటప్పుడే డీజిల్‌కి లక్ష పైన ఎక్కువ పెట్టాలి, దానిమీద ట్యాక్స్, ఇన్సూరెన్స్ అదనం, సర్వీసు ఖర్చు కూడా కాస్త ఎక్కువే, అన్నీ కలుపుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఐదేళ్ళ దాకా పడుతుంది. ఇదొక్కటే అయితే ఫరవాలేదనే అనేవాణ్ణి. బీఎస్6 డీజిళ్ళలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది, మసి పట్టుకోవడానికి. అది శుభ్రపడాలంటే బండి హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు పరిగెత్తాలి. మీరు నెలకు రెండుసార్లు ఊరెళ్తారు కాబట్టి మీకది పెద్ద సమస్య కాదు, బెంగళూరు దాటని వాళ్ళకు మాత్రం పెద్ద తలనొప్పే. మీ విషయంలో డీజిల్ వద్దనడానికి కారణం వేరే, ఆల్ట్రోజ్ డీజిల్‌కి ఆటోమేటిక్ లేదు. మీ భార్య నడపలేని కారు కొని ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు?

సీఎన్‌జీ గురించి తొందరగా చెప్పేస్తాను. కిలో 90 రూపాయల చుట్టూ అనుకుని లెక్కేస్తే నెలకు 2,500 దాటి మిగులుతుంది, అదనంగా పెట్టిన డబ్బు మూడేళ్ళలోపే వచ్చేస్తుంది. అయినా మీకు వద్దు. గ్యాస్ మీద పవర్ ఇంకా తగ్గుతుంది, బలేనో పెట్రోలు 90 అయితే సీఎన్‌జీలో 77.5, దానిమీద మన ఎత్తు కోత వేరే. బలేనోలో సిలిండరు డిక్కీనంతా తినేస్తుంది. ఆల్ట్రోజ్‌లో రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టి 210 లీటర్ల చోటు మిగిల్చారు, మంచి పని చేశారు, కానీ ఊరినుంచి వచ్చేటప్పుడు అమ్మ పెట్టే బియ్యం మూట, మామిడికాయల బుట్ట, పాప సామాన్లు అన్నీ అందులో పట్టవు. ఊళ్ళోనే తిరిగే చిన్న కుటుంబానికైతే టియాగో సీఎన్‌జీ చూడమంటాను, దానికి ఏఎంటీ అనే చవక రకం ఆటోమేటిక్ కూడా ఉంది.

ఇక మిగిలింది టర్బో లేని పెట్రోలు, ఆటోమేటిక్. ఇక్కడ ఇంజన్‌కంటే గేర్‌బాక్స్ ముఖ్యం, మీ డ్రైవింగ్ అనుభవం మారేది దీనివల్లే, కాబట్టి తీరిగ్గా చదవండి.

బలేనో, స్విఫ్ట్, గ్లాంజాలలో వచ్చేది ఏఎంటీ. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని యంత్రమే చేస్తుంది. చవక, మైలేజీ మాన్యువల్‌కి సమానం, ఒక్కోచోట ఎక్కువ కూడా. ఇబ్బంది ఏమిటంటే గేరు మారే ప్రతిసారీ చిన్న విరామం, అందరి తలలూ ముందుకి ఊగుతాయి. మీ నాన్నగారికి నడుము నొప్పి లాంటివి ఉంటే హోస్కోటె దాటేలోపే విసుక్కుంటారు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి గేరు పడనిచ్చి మళ్ళీ తొక్కితే ఊపు బాగా తగ్గుతుంది, అలవాటైపోతుంది. అయితే ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని పట్టి ఉంచకూడదు, క్లచ్ జారుతూ కాలిపోతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద, ముందు బండి కదిలేదాకా రోజూ ఇలా చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. బ్రేకు మీద నిలపండి.

ఐ20లో 1.2 పెట్రోలుకి వచ్చేది ఐవీటీ, అంటే హ్యుందాయ్ పెట్టుకున్న పేరుతో సీవీటీ. దీంట్లో గేర్లంటూ ఉండవు, బెల్టు లాంటిది పుల్లీల మీద జరుగుతూ రేషియో మారుస్తుంది. ట్రాఫిక్‌లో ఇంతకంటే హాయి మీ బడ్జెట్‌లో లేదు, ఊపు లేదు, ఆగడం లేదు, నీళ్ళలా జారిపోతుంది. ఇంజన్ కూడా నాలుగు సిలిండర్లది, సిగ్నల్ దగ్గర ఆగితే ఆన్‌లో ఉందో లేదో తెలియదు. స్విఫ్ట్ 2024లో నాలుగు నుంచి మూడు సిలిండర్లకి మారింది, మైలేజీ పెరిగింది గానీ ఐడ్లింగ్‌లో స్టీరింగ్ మీద చిన్న వణుకు తెలుస్తుంది, మూడు సిలిండర్ల ఇంజన్ల తత్వమే అది. సీవీటీలో లోపం, పెడల్ ఒక్కసారిగా నేలకి తొక్కితే ఇంజన్ గట్టిగా అరుస్తుంది, వేగం మాత్రం దాని తర్వాత మెల్లగా వస్తుంది. మీకు మొదటి వారం ఇది చిరాకు పెడుతుంది. విరుగుడు, సగం పెడల్‌తో నడపడం, ఓవర్‌టేక్ చేసేముందే, లారీ వెనక ఉండగానే, స్పోర్ట్ మోడ్ వేసి ఆర్‌పీఎం పెరగనిచ్చి, రోడ్డు ఖాళీ అయ్యాక బయటికి రావడం. రోడ్డు ఖాళీ అయ్యాక తొక్కడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. డీజిల్‌లో ఆ చనువు ఉండేది, ఇందులో ఉండదు, ఓవర్‌టేక్‌కి మునుపటికంటే ఎక్కువ ఖాళీ చూసుకోండి.

ఆల్ట్రోజ్ పెట్రోలు డీసీఏ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌కి టాటా పెట్టుకున్న పేరు) కూడా నడిపి చూడండి, వదిలేయొద్దు. క్లచ్ నూనెలో మునిగి ఉండే రకం కాబట్టి ట్రాఫిక్ వేడికి మేలు, డిక్కీ 345 లీటర్లు, బండి గట్టిదనం మీద నాకు నమ్మకం ఉంది, 2020లోనే కార్లను గుద్ది పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పెద్దల భద్రతలో ఐదు స్టార్లు ఇచ్చింది. ఇంజన్ మాత్రం మూడు సిలిండర్లది, గట్టిగా తొక్కితే గరుకుగా వినిపిస్తుంది. మీ ఇంట్లోవాళ్ళకి అది పట్టకపోతే ఇదీ మంచి ఎంపికే.

కాబట్టి నా సలహా, మొదట ఐ20 1.2 ఐవీటీ, తర్వాత ఆల్ట్రోజ్ డీసీఏ, ఏఎంటీ మూడోది. షోరూం వాళ్ళు ఏఎంటీని గట్టిగా పుష్ చేస్తే పట్టించుకోవద్దు.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్ళకండి. భార్య, పాప, వీలైతే అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చినప్పుడు అందరినీ ఎక్కించుకుని, ఏసీ ఫుల్లు పెట్టి నడపండి, సేల్స్‌వాళ్ళు తీసుకెళ్ళే ఖాళీ సర్వీస్ రోడ్డు చుట్టూ తిరిగితే ఏ బండైనా బాగానే ఉంటుంది. కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి ఎక్కేచోట ట్రాఫిక్‌లో ఆపి కదిలించండి. స్పీడ్ బ్రేకరు దాటి 15 కిలోమీటర్ల వేగం నుంచి మళ్ళీ తొక్కి ఎంతసేపటికి లాగుతుందో చూడండి. మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద రివర్సులో ఎక్కించండి, ఇది మీ భార్యే చెయ్యాలి, రోజూ ఆవిడకి వచ్చే పని అదే కదా.

ఘాట్ల సంగతి ఒక్కమాట. మదనపల్లె నుంచి తిరుమల వెళ్ళేటప్పుడు భాకరాపేట ఘాట్ ఎలాగూ దిగుతారు, కొండమీంచి దిగేటప్పుడు మళ్ళీ ఘాటే. డీజిల్‌లో ఇంజన్ బ్రేకింగ్ గట్టిగా ఉండేది, ఆటోమేటిక్‌లో డి లో వదిలేస్తే బండి జారిపోతూ ఉంటుంది, మీరు బ్రేకు తొక్కుతూనే ఉంటారు, కొన్ని మలుపుల తర్వాత బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. దిగడం మొదలుపెట్టకముందే లివరుతో తక్కువ గేరు (సీవీటీలో అయితే తక్కువ రేషియో) ఎంచుకోండి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఇది మీ భార్యకు కూడా నేర్పండి.

ధర విషయంలో, 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, కాబట్టి స్నేహితులు పంపే పాత ధరల లిస్టులు చూసి కంగారు పడొద్దు. కర్ణాటకలో రోడ్ ట్యాక్స్ బాగా బరువు, అదీ ధర 10 లక్షలు దాటితే 14 శాతం నుంచి 17 శాతానికి ఎగురుతుంది. సన్‌రూఫ్ కోసం ఒక వేరియంట్ పైకి వెళ్ళి ఆ గీత దాటారంటే ట్యాక్స్‌లోనే ముప్పై వేలకు పైగా పోతుంది. ఆంధ్రా రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ తిప్పుదామని ఎవరైనా అంటే వినకండి, ఒక రాష్ట్రంలో బండి ఏడాది దాటి ఉంచితే అక్కడికి మార్పించుకోవాల్సిందే.

ఇక పవర్ పెట్రోలు. అవసరం లేదు. ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి కాదు, ఎక్కువ ఒత్తిడిలో ముందే అంటుకోకుండా ఉండే గుణం. ఈ 1.2 ఇంజన్లు మామూలు పెట్రోలుకి ట్యూన్ చేసినవే, ఖరీదైనది పోసినా మీ కాలికి తేడా తెలియదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఎలాగూ ఈ20, అందులో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చు, కొత్త కారు కాబట్టి పాడవుతుందన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు. ఆ డబ్బు మిగిల్చి టైర్ల గాలి రెండు వారాలకోసారి చూపించండి, ఐదుగురు, సామానుతో మదనపల్లె బయల్దేరే రోజు డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఫుల్ లోడ్‌కి రాసిన ప్రెషర్ పట్టించండి, తిరిగి వచ్చాక మామూలుకి దించండి.